గూట్లోంచి పడ్డ గుడ్లగూబ పిల్లను తల్లి దగ్గరికి చేర్చడం ఎలా?

ఎండాకాలం దగ్గర పడుతుందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా వాకిట్ల గుడ్లగూబ పిల్ల పడ్డది. ఏం జేయాలె?" అని హనుమకొండ నుంచి ఒకరు, పరకాల నుంచి ఒకరు, జమ్మికుంట నుంచి ఇంకొకరు. ఆ గొంతులో భయం ఉంటుంది, జాలి ఉంటుంది, చాలాసార్లు "మేమే సాదుకుంటం" అన్న ఆశ కూడా ఉంటుంది. అందరికీ ముందుగా చెప్పే మాట ఒకటే: దాని అమ్మానాన్నలు ఎక్కడికీ పోలేదు. అక్కడే ఏ చింతచెట్టు గుబురులోనో కూర్చుని చీకటి కోసం చూస్తున్నాయి. ఆ పిల్లను మీరు పెంచనక్కర్లేదు. పొద్దు గూకేదాకా కుక్క, పిల్లి, ఎండ తగలకుండా కాపాడి, తల్లిదండ్రులకు అందే చోట పెడితే చాలు. ఇక్కడ రాసిందంతా ఆ కొన్ని గంటల పని గురించే.

ముందు దూరం నుంచి చూడండి

కనిపించగానే చేత్తో ఎత్తేయొద్దు. పది పదిహేను అడుగుల దూరంలో ఆగండి. జనం గుమిగూడితే పంపించేయండి, కుక్కను కట్టేయించండి, పక్కింటి పిల్లిని కాసేపు లోపల పెట్టమనండి. తర్వాత ఐదు నిమిషాలు ఊరికే చూడండి. అది ఏ రకం, ఎంత వయసుది, దెబ్బ తగిలిందా అన్నవి ఆ ఐదు నిమిషాల్లో తేలిపోవాలి.

మన వైపు ఊళ్లలో ఎక్కువగా పడేది పైడికంటి అనే చిన్న గుడ్లగూబ పిల్ల. పెద్ద పక్షి కూడా జానెడే ఉంటుంది. పసుపు కళ్లు, కళ్లపైన తెల్లటి కనుబొమ్మలు, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు. వేప, చింత, మర్రి తొర్రల్లో, పాత గోడల సందుల్లో, పెంకుటిళ్ల చూరుల్లో గూడు పెడుతుంది. ఎక్కువగా చలికాలం చివర, ఎండాకాలం మొదట్లో పిల్లలు చేస్తుంది. కాకతీయ యూనివర్సిటీ, నిట్, కాజీపేట రైల్వే క్వార్టర్ల లాంటి చోట్ల ముసలి చెట్లు మిగిలి ఉండటం దీనికి ఎంతో మేలు.

రెండోది తెల్ల గుడ్లగూబ. చూడగానే గుర్తుపడతారు: హృదయం ఆకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్లు. పాత గడీల్లో, గుడి గోపురాల్లో, గోదాముల్లో, వాడని వ్యవసాయ బావుల్లో, ఈమధ్య అపార్ట్‌మెంట్ల డక్టుల్లో ఉంటుంది. దీని చిన్న పిల్ల ఏరిన పత్తి ఉండలా తెల్లగా ఉంటుంది. దగ్గరికి పోతే "బుస్స్..." అని పొడుగ్గా బుసకొడుతుంది. పాముందనుకుని ఇల్లంతా టెన్షన్ పడి పాములు పట్టేవాళ్లను పిలిచినవాళ్లు కూడా ఉన్నారు. ఈ పక్షి గుడ్లన్నీ ఒకేరోజు పెట్టదు. రెండు మూడు రోజులకొకటి చొప్పున పెడుతుంది, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది. అందుకే ఒకే గూట్లో ఒకటి దాదాపు ఎగరడానికి సిద్ధంగా ఉంటే, ఇంకొకటి ఇంకా బొచ్చుముద్దగానే ఉంటుంది. చిన్నదాన్ని చూసి "ఇది రోగిష్ఠి పిల్ల" అనుకోవద్దు.

మూడోది గుట్టల గుడ్లగూబ. మూరెడుకు పైనే ఉండే పెద్ద పక్షి. తల మీద కొమ్ముల్లా లేచిన ఈకలు, నారింజరంగు కళ్లు. హనుమకొండ చుట్టుపక్కల బండరాళ్ల గుట్టలు, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, వాగుల గట్లు లాంటివి దీనికి ఇష్టమైన చోట్లు. ఇది చెట్టు మీద కాకుండా రాతి అరుగు మీద, ఒక్కోసారి నేల మీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎగరడం రాకముందే నడుచుకుంటూ గూడు వదిలి రాళ్ల సందుల్లో తిరుగుతాయి, నెలల తరబడి తల్లిదండ్రులే వాటికి తిండి పెడతాయి. కాబట్టి గుట్ట మీద రాతి పక్కన ఇలాంటి పిల్ల కూర్చుని కనిపిస్తే అది పడిపోయింది కాదు, ఉండాల్సిన చోటే ఉంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి. గొర్రెలు, మేకలు కాసేవాళ్లకు ఈ సంగతి చెప్పి పెడితే సగం కేసులు తగ్గుతాయి.

పడిందా, తనంతట తాను దిగిందా?

పైడికంటి పిల్లలతోనూ ఇదే తికమక. రెక్కల ఈకలు సగం వచ్చాక పిల్లలు గూట్లో ఉండవు. తొర్ర బయటికి వచ్చి కొమ్మ మీద కూర్చుంటాయి, గాలికి జారి కింద పడతాయి, మళ్లీ ముక్కుతో, గోళ్లతో బెరడు పట్టుకుని, రెక్కలు టపటపలాడిస్తూ చెట్టు ఎక్కుతాయి. ఆ ఎక్కడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అలాంటి పిల్లకు మీరు చేయాల్సిన సాయం చాలా తక్కువ.

తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. బొటనవేలంత లావున్న కట్టెను మెల్లగా దాని కాళ్ల ముందు ఆనించండి. కట్టె మీదికెక్కి గట్టిగా పట్టుకుని, తల నిలబెట్టి కూర్చుందంటే ఎదిగిన పిల్ల. అది ఉన్న చెట్టుకే, మనిషి ఎత్తుకు పైన, ఆకులు దట్టంగా ఉన్న కొమ్మ మీదికి ఆ కట్టెతో సహా చేర్చి కూర్చోబెట్టండి. చెట్టు ఎక్కనక్కర్లేదు, స్టూలు చాలు. చుట్టూ కుక్కలు, పిల్లులు లేకుంటే అదీ అవసరం లేదు, దానంతట అదే ఎక్కుతుంది.

ఒళ్లంతా బొచ్చే ఉండి, ఈకలు ఇంకా రాక, కాళ్ల మీద నిలబడలేక పొట్ట మీద పాకుతున్నదైతే నిజంగా గూట్లోంచి పడ్డదే. దాన్ని వెనక్కి చేర్చాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం వచ్చిన మర్నాడు పొద్దున ఇలాంటివి ఎక్కువ కనిపిస్తాయి.

దెబ్బ తగిలిందో లేదో చూడటం

రక్తం, ఒక రెక్క మరీ కిందికి వేలాడటం, కాలు ఈడ్చడం, తల ఒక పక్కకు వాలిపోవడం, ఒక కన్ను తెరవలేకపోవడం, ఒంటి మీద ఈగలు ముసరడం. వీటిలో ఏది కనిపించినా గూటికి చేర్చే ఆలోచన పక్కనపెట్టి నేరుగా అటవీశాఖకు, పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. పతంగి మాంజా చుట్టుకుంటే లాగొద్దు. ఒంటికి ఆనుకున్న దారాన్ని అలాగే వదిలేసి, వేలాడే దారాన్ని మాత్రం కత్తిరించి తీసుకుపోండి.

పిల్లి నోట కరుచుకుని వదిలేసిన పిల్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. కానీ పిల్లి పళ్లు సన్నగా లోతుకు దిగుతాయి, దాని లాలాజలంలో ఉండే బ్యాక్టీరియా పక్షి రక్తంలో కలిస్తే ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది. కాబట్టి పిల్లి పట్టిందని అనుమానం ఉన్నా సరే, బాగానే ఉంది కదా అని గూట్లో పెట్టేయొద్దు. అదే రోజు యాంటీబయాటిక్ పడాలి, ఆ మోతాదు డాక్టరే చెప్పాలి.

మే నెల మధ్యాహ్నం మన వరంగల్‌లో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. పిల్ల నోరు తెరిచి, గొంతు దగ్గర చర్మం గబగబా కొట్టుకుంటుంటే అది జబ్బు కాదు, వేడి. నీడకు చేర్చండి, అంతే. మీద నీళ్లు కుమ్మరించొద్దు.

కొన్ని పిల్లలు మనిషిని చూడగానే కళ్లు మూసి చచ్చినట్టు పడిపోతాయి. కొన్ని వెల్లకిలా పడి గోళ్లు పైకి చాపుతాయి, ముక్కుతో టక్ టక్ మని చప్పుడు చేస్తాయి. ఇవన్నీ భయపెట్టే ఎత్తులు, దెబ్బ తగిలిన గుర్తులు కావు.

ఎత్తడం, డబ్బాలో పెట్టడం

తాకితే మనిషి వాసన అంటి తల్లి దగ్గరికి రానీయదని మన దగ్గర గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. తల్లి పిల్లను అరుపును బట్టి, ఉన్న చోటును బట్టి గుర్తుపడుతుంది. మీరు తాకినంత మాత్రాన వదిలేయదు. ఆ భయంతో పిల్లను కుక్కల పాలు చేయొద్దు.

ఒక తువాల తీసుకుని వెనక నుంచి మెల్లగా కప్పండి. కళ్లు మూసుకుపోగానే చాలావరకు కదలడం ఆపేస్తుంది. రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనేలా, కాళ్లు కూడా గుడ్డలో ఉండేలా పట్టుకోండి. ముక్కు కంటే గోళ్లతోనే జాగ్రత్త. బిత్తరపోయిన పిల్ల గోళ్లు వేలిలో దిగితే తీయడం కష్టం, లాగితే ఇంకా బిగిస్తుంది. కాళ్లను మెల్లగా సాగదీస్తే పట్టు వదులుతుంది. గీరుకుంటే సబ్బుతో కడుక్కుని టీటీ ఇంజెక్షన్ సంగతి చూసుకోండి.

పైడికంటి పిల్లకు చెప్పుల డబ్బా సరిపోతుంది, తెల్ల గుడ్లగూబ పిల్లకు కిరాణా దుకాణంలో దొరికే అట్టపెట్టె కావాలి. పక్కలకు స్క్రూడ్రైవర్‌తో ఏడెనిమిది చిల్లులు పొడవండి, అదీ పిల్లను పెట్టకముందే. అడుగున పాత లుంగీ గుడ్డ లాంటి మెత్తటి నూలు గుడ్డను ముడతలు పడేలా పరచండి. పోగులు లేచిన తువాల పరిస్తే గోళ్లు చిక్కుకుంటాయి. నున్నటి పేపరొక్కటే పరిస్తే కాళ్లు రెండు పక్కలకు జారి కీళ్లు పాడవుతాయి. మూత వేసి, టీవీ లేని గదిలో నేల మీద పెట్టండి. కూలర్ గాలి నేరుగా తగలొద్దు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లయితే గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి డబ్బాలో ఒక మూలన పెట్టండి. వేడి ఎక్కువైతే పక్కకు జరగడానికి చోటుండాలి.

తర్వాత మూత తీయొద్దు. ఇంట్లో చిన్నపిల్లలకు చూపించడానికి కూడా వద్దు. గుడ్లగూబ భయాన్ని బయటపెట్టదు, కదలకుండా కూర్చుంటుంది. మనం దాన్ని మచ్చిక అనుకుంటాం. లోపల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చేతిలో పట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది.

తిండి, నీళ్లు: దయచేసి ఏమీ పెట్టొద్దు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అదీ ప్రేమతోనే. పాలు పోస్తారు, పాలల్లో బ్రెడ్డు నానబెట్టి పెడతారు, పెరుగన్నం పెడతారు. గుడ్లగూబ పూర్తిగా మాంసం తినే పక్షి. పురుగులు, ఎలుకలు, బల్లులు, కప్పలు దాని తిండి. పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

నీళ్ల సంగతి ఇంకా ప్రమాదం. పక్షి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో చిన్న రంధ్రం కనిపిస్తుంది. అదే ఊపిరి గొట్టం. డ్రాపర్‌తోనో, సిరంజితోనో, దూదితోనో నీళ్లు పిండితే అవి నేరుగా అందులోకి పోతాయి. పిల్ల నిమిషాల్లో ఉక్కిరిబిక్కిరి అవుతుంది, లేదంటే న్యుమోనియాతో తర్వాత చనిపోతుంది. గుడ్లగూబ పిల్లకు కావాల్సిన నీరు తిండిలోనే దొరుకుతుంది. పొద్దున దొరికిన పిల్ల రాత్రిదాకా ఆగగలదు.

రెండో రోజుకు కూడా చేర్చలేకపోతే అప్పుడు తిండి మాట వస్తుంది, అది డాక్టరుతోనో అటవీశాఖ వాళ్లతోనో మాట్లాడాకే. చికెన్ ముక్కలు పెడుతూ వారాలపాటు సాదినవాళ్ల ఇళ్లలో కాళ్లు వంకర పోయిన పిల్లల్ని చూశాను. ఎముకలు లేని ఉత్త మాంసంలో చాలినంత కాల్షియం ఉండదు. తల్లి పెట్టే ఎలుకలో ఎముకలూ బొచ్చూ అన్నీ ఉంటాయి. పైగా మనుషుల చేతుల్లో పెరిగిన గుడ్లగూబకు వేట రాదు, మనిషి భయం ఉండదు. బయట వదిలితే బతకదు.

గూడు వెతకడం

తలెత్తి చెట్టు పైకి చూసే ముందు నేలను చూడండి. గూడు కింద, కూర్చునే కొమ్మ కింద సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట మరకలు ఉంటాయి. వాటి దగ్గరే బూడిదరంగు ఉండలు దొరుకుతాయి. గుడ్లగూబ మింగిన ఎలుక బొచ్చు, ఎముకలు అరగక ఉండగా చుట్టుకుని నోటి నుంచి బయటికి వస్తాయి. తెల్ల గుడ్లగూబ ఉండ బొటనవేలంత ఉంటుంది. విప్పితే ఎలుక పుర్రె, దవడ ఎముక చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. పైడికంటి ఉండ చిన్నది, అందులో పేడపురుగుల పెంకులు మెరుస్తుంటాయి. స్కూలు పిల్లలకు చూపించాల్సిన వస్తువు అది. చూశాక చేతులు కడుక్కోవాలి, అంతే.

మనుషుల్ని కూడా అడగండి. ఏ చెట్టులో ఏ పిట్ట ఉందో వాచ్‌మన్‌కు, చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్నకు, ఆ సందులో క్రికెట్ ఆడే పిల్లలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పగటిపూట కాకులు, గోరింకలు ఒకే కొమ్మ చుట్టూ చేరి గోల చేస్తుంటే అక్కడ పెద్ద గుడ్లగూబ కూర్చుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఏమీ దొరకకపోతే సాయంత్రం దాకా ఆగండి. మసక చీకట్లో పైడికంటి జంట కీచుమంటూ గొడవపడుతున్నట్టు అరుచుకుంటుంది. తెల్ల గుడ్లగూబ పిల్లల ఆకలి బుస గూట్లోంచి ఆగకుండా వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చే చోటే గూడు.

వెనక్కి పెట్టడం

గూడు అందేలా ఉంటే అందులోనే పెట్టండి. సరైన సమయం సాయంత్రం, పొద్దు గూకడానికి అరగంట ముందు. మే నెలలో మన దగ్గర ఆరు దాటాక, చలికాలంలో ఐదుంపావు ప్రాంతంలో. మధ్యాహ్నం పెడితే లోపలున్న తల్లి బెదిరి బయటికి దూకుతుంది, వెంటనే కాకులు తరుముతాయి.

నిచ్చెన పట్టుకోవడానికి కింద ఒక మనిషి ఉండాలి. హెల్మెట్ పెట్టుకోండి, తల్లి తల మీద తన్నవచ్చు. తొర్రలో చేయి పెట్టే ముందు ఫోన్ లైట్ ఒక్క క్షణం వేసి చూడండి. ఎలుకలు, పిల్లలు ఉన్న చోటికి నాగుపాము, జెర్రిపోతు కూడా వస్తాయి. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే నిచ్చెన వేయొద్దు, 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి. పిల్లను లోపలికి, వెనక గోడకు ఆనేలా పెట్టి చేత్తో ఒక నిమిషం అడ్డం పెట్టండి. చీకటిగా ఉంటే సర్దుకుని కూర్చుంటుంది.

గూడు మరీ ఎత్తులో ఉన్నా, కొమ్మ విరిగినా, తొర్రకు చీమలు పట్టినా కొత్త గూడు కట్టాలి. ఇది చాలా బాగా పనిచేస్తుంది. పైడికంటికి అడుగు వెడల్పు, జానెడు లోతు ఉన్న వెదురు గంప చాలు. తెల్ల గుడ్లగూబకు పండ్ల దుకాణంలో దొరికే చెక్క పెట్టె కావాలి, రెండడుగుల పొడుగున్నదైతే మంచిది. అడుగున నీళ్లు కారిపోయే సందులుండాలి. లోపల గోనెసంచి ముక్క పరిచి, పైన ఎండుటాకులు గుప్పెడు మందాన వేయండి. పచ్చిగడ్డి వద్దు, చెమ్మ పడుతుంది. పడ్డ చెట్టుకే, లేదంటే దాని పక్క చెట్టుకే, 10 నుంచి 12 అడుగుల ఎత్తులో, కాండానికి ఆనేలా సుతిలి తాడుతో రెండు మూడు చోట్ల కట్టండి. పడమటి ఎండ తగలని పక్క చూసుకోండి. కట్టాక చేత్తో గట్టిగా ఊపి చూడండి. మీ చేతికి ఊగితే రాత్రి దుమారానికి పడుతుంది. పిల్లి ఎక్కకుండా కింద కాండం చుట్టూ తుమ్మ కంప కట్టి, రెండు వారాల తర్వాత తీసేయండి.

ఇద్దరు ముగ్గురు పిల్లలు పడితే అందరినీ ఒకే గంపలో పెట్టండి. ఒకదాని అరుపు ఇంకొకదానికి తోడై తల్లికి త్వరగా వినిపిస్తుంది.

చెట్టే కొట్టేశారంటే, రోడ్డు వెడల్పు పనుల్లో ఇది మామూలైపోయింది, అప్పుడు తొర్ర ఉన్న మొద్దు ముక్కను అడిగి తీసుకోండి. కోత మిషన్ అన్నతో మంచిగా మాట్లాడితే తొర్ర చెడకుండా కోసిస్తాడు. ఆ మొద్దునే పక్క చెట్టుకు నిలువుగా కట్టి పిల్లల్ని అందులో పెట్టండి. తల్లిదండ్రులు రెండు మూడు రోజులు ఆ చోటు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. అందుకే చెట్టు పోయిన రోజే ఈ పని చేయాలి.

బావిలో పడ్డ పిల్లను గంపకు తాడు కట్టి దించి తీయండి. పాత బావిలోకి మనిషి దిగొద్దు. మెట్లు జారతాయి, అడుగున గాలి ఆడకపోవచ్చు. అందకపోతే 101కు ఫోన్ చేయండి. తడిసిన పిల్లను ఒత్తి తుడిచి, పూర్తిగా ఆరాకే బయట పెట్టాలి.

చీకటి పడ్డాక కాపలా

చాలామంది గంప కట్టేసి వెళ్లిపోతారు. అలా పోవద్దు, తల్లి వచ్చిందని చూసిన తర్వాతే పని అయినట్టు.

కనీసం 30 అడుగుల దూరంలో, గోడ పక్కనో కారులోనో కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. టార్చి వేయాల్సి వస్తే దాని మీద ఎర్రటి గాజుకాగితం చుట్టండి. వీధిదీపం నేరుగా గంప మీద పడుతుంటే ఆ సాయంత్రానికి ఆ ఒక్క దీపం ఆపించమని అడగండి. పిల్ల అరవడం మొదలుపెట్టాలి, అదే తల్లికి పిలుపు. అరవకపోతే కంగారుపడొద్దు, చుట్టూ నిశ్శబ్దమయ్యాక అరుస్తుంది.

పెద్ద పక్షి నేరుగా గంప మీదికి రాదు. గుడ్లగూబ రెక్కల అంచులు మెత్తగా ఉంటాయి కాబట్టి వచ్చిన చప్పుడు వినిపించదు. తీగ మీదో పిట్టగోడ మీదో ఏదో నీడ కొత్తగా కనిపిస్తుంది. పైడికంటి అయితే తల కిందికీ పైకీ ఊపి గంపను కొలుస్తుంది, ఇంకొంచెం దగ్గరి కొమ్మకు దూకుతుంది, మళ్లీ వెనక్కి పోతుంది. నోట్లో పురుగు ఉన్నా వెంటనే ఇవ్వదు. మీ ఊపిరి మీకే వినిపించేంతసేపు ఈ తంతు నడుస్తుంది. ఉన్నట్టుండి గంప అంచు మీద వాలుతుంది, పిల్ల అరుపు తెగిపోయి గొంతులో ఏదో నిండినట్టు మారుతుంది. తిండి అందింది. ఒక్కసారి పెట్టిందంటే ఇక రాత్రంతా పెడుతూనే ఉంటుంది. మీరు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

తొమ్మిదిన్నర, పది దాకా ఎవరూ రాకపోతే పిల్ల వయసును బట్టి నిర్ణయించుకోండి. ఈకలు వచ్చి, గంప భద్రంగా ఉండి, వాన సూచన లేకపోతే అక్కడే వదిలేయండి. అర్ధరాత్రి తర్వాత వచ్చే తల్లులూ ఉంటాయి. తెల్లవారుజామునే చూస్తే అంచు మీద కొత్త రెట్ట, లోపల పురుగు కాళ్లో ఎలుక తోకో, ఉబ్బిన పొట్ట కనిపిస్తాయి. ఉత్త బొచ్చుపిల్ల అయినా, చలిగా ఉన్నా, ఉరుములు వినిపిస్తున్నా లోపలికి తీసుకొచ్చి డబ్బాలో పెట్టి, అప్పుడే అటవీశాఖకు కబురు చేయండి. మర్నాడు సాయంత్రం మరోసారి ప్రయత్నించాలి. రెండో సాయంత్రం కూడా రాకపోతే పిల్లను వాళ్లకు అప్పగించాలి.

చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడటం

గుడ్లగూబ ఇంటి మీద కూస్తే కీడని, చావు కబురని నమ్మేవాళ్లు మన వాడల్లో ఇంకా ఉన్నారు. రాత్రి మీరు కట్టిన గంపను పొద్దున్నే తీసి పారేసేది వాళ్లే కావచ్చు. ముందే పోయి కూర్చుని మాట్లాడండి. "అవ్వా, అది నీ ఇంటికి కీడు తేను రాలె, నీ గరిశెల ఎలుకల కోసం వచ్చింది" అంటే వింటారు. లక్ష్మీదేవి వాహనమని గుర్తు చేస్తే ఇంకా వింటారు. రైతులకైతే చెప్పాల్సిన పనే లేదు. పాకాల, రామప్ప చెరువుల కింద వరి పండించేవాళ్లకు గట్లలో ఎలుకలు ఎంత పంట తింటాయో తెలుసు. పిల్లలున్న తెల్ల గుడ్లగూబ జంట రాత్రికి ఎన్నో ఎలుకల్ని పట్టుకుపోతుంది, మందు ఖర్చు లేకుండా.

ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. గూడు ఉన్న చోటును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. దీపావళికి ముందు గుడ్లగూబల్ని క్షుద్రపూజల కోసం పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఫొటో పెట్టాలనిపిస్తే పిల్లలు ఎగిరిపోయాక, ఊరు పేరు లేకుండా పెట్టండి.

అటవీశాఖకు ఎప్పుడు చెప్పాలి?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబలకు వర్తిస్తుంది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. గాయపడ్డ పక్షి మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. సాయం చేసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. దాచుకుంటేనే సమస్య. మీ మండలానికి ఏ రేంజ్ ఆఫీసు వస్తుందో ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో నంబరు వేసి పెట్టుకోండి. హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జూ పార్కు కూడా అటవీశాఖదే, ఎవరిని కలవాలో అక్కడ అడగవచ్చు. ములుగు, ఏటూరునాగారం, నర్సంపేట వైపు వాళ్లకు అభయారణ్య సిబ్బంది దగ్గర్లోనే ఉంటారు.

అప్పగించేటప్పుడు డబ్బా మీద స్కెచ్ పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఏ చెట్టు కింద ఏ చోట దొరికింది, ఏ తేదీన ఎన్ని గంటలకు, ఏమైనా తినిపించారా. చోటు సరిగ్గా రాసి ఉంటే కోలుకున్న పిల్లను వాళ్లు మళ్లీ అక్కడికే తేగలుగుతారు. బండి మీద తీసుకుపోతే వెనక కూర్చున్నవాళ్లు డబ్బాను ఒళ్లో పెట్టుకోవాలి. ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలొద్దు.

తల్లి వచ్చి తిండి పెట్టిన గంపను మాత్రం వెంటనే విప్పొద్దు. పైడికంటి పిల్ల గుడ్డులోంచి వచ్చిన నెల రోజులకు ఎగురుతుంది, తెల్ల గుడ్లగూబకు రెండు నెలల దాకా పడుతుంది. ఎగరడం వచ్చాక కూడా కొన్నాళ్లు తల్లిదండ్రులే మేపుతాయి. రోజు విడిచి రోజు దూరం నుంచే చూస్తూ, తాళ్లు వదులైతే పగలు ఎవరూ లేనప్పుడు బిగించండి. వానాకాలం ముదిరేలోపు గంప ఖాళీ అయితే విప్పి ఎండబెట్టి దాచండి, వచ్చే ఏడు మళ్లీ పనికొస్తుంది. తెల్ల గుడ్లగూబల చెక్క పెట్టె గట్టిగా ఉంటే అక్కడే ఉండనివ్వండి, ఆ జంట మళ్లీ అందులోనే గుడ్లు పెట్టవచ్చు.